అత్తమ్మ కాల్చిన బొగ్గు

జూన్ 9
మా ఆయన సురేష్, పెనుబల్లి అవతల వాళ్ల గూడేనికి వెళ్లి వచ్చాడు. చేతిలో స్టీలు డబ్బా. ఇప్పగింజల పెంకులు కాల్చిన బొగ్గుపొడి – నా థీసిస్‌కి! "మా అమ్మనే కాల్చింది. ఎవ్వర్నీ ముట్టనియ్యలే" అన్నాడు. చర్చిలో మా పెళ్లని రాని మనిషి, ఇంతవరకు మా గుమ్మం తొక్కని అత్తమ్మ… నాకోసం. అన్నం కూడా సయించలేదు, సంతోషంతో.

జూన్ 11
బొగ్గులో సన్నటి రంధ్రాలు ఎంత ఎక్కువుంటే నీళ్లలో మలినాన్ని అంత పట్టేస్తుంది. రేపు కొలత. బొగ్గును మైనస్ 196 డిగ్రీలకు చల్లబరిచి నైట్రోజన్ వాయువు వదలాలి, లోపలి గోడలకు ఎంత అంటుకుందో లెక్కగట్టాలి. మంచి బొగ్గైతే చిటికెడులో ఉన్న గోడలన్నీ పరిస్తే మా చర్చి ఆవరణంత. అత్తమ్మది అంతకన్నా ఎక్కువ రావాలి. యేసయ్యా, రావాలి.

జూన్ 12
కొలత దాకా పోనేలేదు. ముందు వేడిచేసి, గాలి లాగేసి, రంధ్రాలు ఖాళీ చేయాలి – ఎంతసేపటికీ ఖాళీ కావే! ఏదో ఆవిరి వస్తూనే ఉంది. గాజు గొట్టం మెడకు పసుపుపచ్చ జిడ్డు.
"ఏం పెట్టినవమ్మా మెషిన్ల?" మా గైడ్ సార్ మొహం మాడ్చుకున్నారు. వచ్చే వారం ఒక్క అవకాశం. ఆ తర్వాత బజారు బొగ్గే అట. అత్తమ్మ కష్టం అవతల పారేయడమేనా… ఏడుపొచ్చింది.

జూన్ 13
సురేష్ వాళ్లమ్మకి ఫోన్ చేసి అడిగాడు.
"మరేందిరా? కోడలింటికి మొదటిసారి పంపుతున్న. ఒట్టి నల్ల బొగ్గు పంపుతరా? ఇంత పసుపేసి ఆముదంతో కలిపిన."
మాకు కీడు తగలకూడదని రంధ్రాలన్నీ మూసేసింది మహాతల్లి. ఎంత నవ్వానో. తర్వాత నవ్వు ఆగిపోయింది.

జూన్ 15
ఏమీ కలపకుండా మళ్లీ పంపమనాలి. తప్పు పట్టినట్టు అనుకుంటే? ఇన్నాళ్లకు తెరిచిన తలుపు… "నువ్వే చెప్పు" అని సురేష్ ఫోన్ నా చేతిలో పెట్టి జారుకున్నాడు. పిరికి సన్నాసి.
చెప్పాను.
"పసుపు లేకుండ పంప. ఎవ్వరి చేతికీ ఇయ్య."
అయిపోయింది అనుకున్నాను.
"నేనే తెస్త బిడ్డా. నా చేతుల్నుంచి తీసుకుంటే ఏం గాదు."
బిడ్డా, అంది!

జూన్ 18
ఖమ్మం బస్టాండ్. ఇక్కడే రాస్తున్నాను. అత్తమ్మ వచ్చింది, చంకలో బట్టల సంచితో. డబ్బా ఇచ్చి, నా తల నిమిరింది.
"ఇంటికి పోదాం అత్తమ్మా."
"తిరుగు బస్సు ఎప్పుడున్నదో…" అని మొహం తిప్పుకుంది. మొహం కడుక్కుంటానని నల్లా దగ్గరికి వెళ్లింది. "సత్తుపల్లి, పెనుబల్లి" అని కండక్టర్ అరుస్తున్నాడు. బస్సు కదలబోతోంది. అత్తమ్మ ఇంకా నల్లా దగ్గరే ఉంది.
తన బట్టల సంచి మాత్రం నా ఒళ్లో వదిలి వెళ్లింది.