చెయ్యి కాదు, పని

జూన్ 3
దొంగవి నువ్వు. నా డైరీ తెరిచినందుకు కాదు, అది చిన్న దొంగతనం. పచ్చటి తోట చూసి “ఆవిడ చెయ్యి మంచిది” అన్నావే, అదీ అసలు దొంగతనం. మా అక్క ఈ ఆస్పత్రి తోటలో పంతొమ్మిదేళ్ళుగా డైలీ వేజ్ మీద పనిచేస్తోంది. వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించి చూసిగానీ చుక్క నీళ్ళు పొయ్యదు. ఆ లెక్కంతా ఒక్క మాటతో కాజేశావు.

గార్డెన్ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. న్యాయంగా అది అక్కది. సూపరింటెండెంటు మాత్రం, ఆ పోస్టుకి చదువుండాలి, ఆవిడకున్నది అదృష్టం కదా అన్నాడట.

జూన్ 9
వార్డులకి యాభై పింగాణీ కుండీలొచ్చాయి, మట్టితో నింపేసి మరీ. అడుగున బెజ్జాలు లేవని అక్క చెప్పింది. నీళ్ళు కారి టైల్స్ పాడవుతాయని కుండీల కాంట్రాక్టరు కావాలనే అలా తెప్పించాడట. అవన్నీ నీకెందుకు, నీ చేత్తో మొక్క పెట్టు చాలు అన్నాడు సూపరింటెండెంటు. వరసగా యాభై క్రోటన్లు పెట్టించారు. ఫోటో తీశారు. నీళ్ళ డ్యూటీ వార్డు స్టాఫ్‌ది. రెండు పూటలా, చెంబులతో.

జూన్ 21
ఆకులన్నీ రాలిపోయాయి. అక్క చెయ్యి చెడిందట. సూపర్‌వైజర్ పోస్టు ఆ కాంట్రాక్టరు మనిషికిస్తారట.

యూనియన్ వాణ్ణి కదా, నేను నాలుగు పేజీల కరపత్రం రాశాను. అక్క చదివి, బాగుందిరా, కుండీ కింద పెట్టడానికి పనికొస్తుంది అంది.

జూన్ 22, ఉదయం 11
స్టాఫ్ మీటింగు. అక్క ఒక కుండీ మోసుకొచ్చి సూపరింటెండెంటు టేబుల్ పక్కన బోర్లించింది. కంపు నీళ్ళు ఆయన బూట్ల దాకా పారాయి. నర్సులు ముక్కు మూసుకుని నవ్వారట.

అక్క గొంతు పెంచలేదు. “చెయ్యి చెడిందన్నారు కదా సార్. మరి నీళ్ళు పోవడానికి దారేదీ?”

ఆయన బూట్లు తుడుచుకున్నాడు. మొక్కల్ని బతికించి చూపించమని నెల గడువిచ్చాడు.

జూన్ 23
అక్క మొక్కల కుళ్ళిన వేర్లు కోసేసింది. అడుగున చిల్లులు పొడిచిన పాత బకెట్లు, ఇసుక కలిపిన మట్టి. సాయం చేస్తానన్నాను. ఉపన్యాసం ఇవ్వకుండా మొయ్యగలిగితే రమ్మంది. మోశాను. నడుం పడిపోయింది.

జూలై 20
యాభైలో ముప్పై ఒకటి చిగురేశాయి. మిగతా పంతొమ్మిదీ ఎందుకు పోయాయో ఒక్కోదాని గురించీ అక్క చెప్పగలదు. చెప్పింది కూడా, సూపరింటెండెంటు ముందు, గంటసేపు, నిలబడి. చివరికాయన మురిసిపోయి, ఎంతైనా నీ చెయ్యే వేరమ్మా అన్నాడట.

“చెయ్యి కాదు సార్, పని. పోస్టు కాగితంలో ఆ మాట రాయండి.”

ఇరవై ఏళ్ళుగా సభల్లో మైకు పట్టుకుని అరుస్తున్నాను. ఇంత పొట్టి మాట నా నోట ఎన్నడూ రాలేదు. నా అక్క. నా సొంత అక్క.

ఫైలు పైకి పంపుతాను, అర్జీ పెట్టుకో అన్నాడట సూపరింటెండెంటు.

జూలై 21
అర్జీ. అక్క చెప్పింది, నేను రాశాను. ఒక్క ముక్క కలపనివ్వలేదు.

1. సూపర్‌వైజర్ పోస్టు నాకివ్వాలి. పర్మనెంటుగా, రాతపూర్వకంగా.
2. కుండీలు, మట్టి తోటవాళ్ళని అడిగి కొనాలి.
3. నీళ్ళు పోసేవాళ్ళకి నేర్పడానికి వారానికో గంట కావాలి.
4. గోళ్ళలో మట్టి ఉంటుంది. సంతకం దగ్గర మరక పడిందని ఈ కాగితం తిప్పి పంపకూడదు.