సాయంత్రం కారు తియ్యకండి

ఏవండీ,

నేను భీమవరం బస్సుకి వెళ్తున్నాను. సాయంత్రం కారు ఛార్జింగు ప్లగ్గు పీకకండి, కోరుకొండకి స్కూటరు మీద వెళ్లి రండి. పప్పు వేడిచేసుకోండి.

ఎందుకో చెబుతాను. దీపాలు పెట్టే వేళకి వీధిలో అందరూ ఏసీలు వేస్తారు, వోల్టేజీ పడిపోతుంది. ఎదురింటి బాలాత్రిపురసుందరి గారి ఆక్సిజన్ మిషను కుయ్యికుయ్యిమంటుంది. పాపం, ఆవిడ గుండె చేత్తో పట్టుకుని కూర్చుంటారు. నిన్న నేను పక్కనే ఉన్నాను. మిషను ఒక్కసారి కూడా కుయ్యలేదు.

"ఏంటమ్మా కౌముదీ, ఇవాళ కరెంటు ఇంత నిండుగా ఉంది?" అన్నారావిడ.

కిటికీలోంచి చూశాను. మన కారు పక్కన గోడకి బిగించిన పెట్టె మీద పచ్చలైటు వెలుగుతోంది. పగలంతా డాబా మీది సోలారు పలకల నుంచి దాచుకున్న కరెంటుని మన కారు బ్యాటరీ వీధి లైనుకి తిరిగి ఇచ్చేస్తోంది.

"మా కారేనండి" అన్నాను. మధ్యాహ్నం మన డాబా మీద కాసిన ఎండ, సాయంత్రం ఆవిడకి ఊపిరై అందుతోంది.

ఆ పెట్టె బిగించిన రోజు బ్యాటరీ అరిగిపోతుందని మీరు నాతో ముభావంగా ఉన్నారు. నేనేం మరిచిపోలేదు.

ఇంకో మాట. కోరుకొండ నుంచి తొందరగా వచ్చేసి, దీపాల వేళకి ఆవిడ దగ్గర కాసేపు కూర్చోండి. నేను చెబితే మీరెలాగూ నమ్మరు. ఆవిడ ఎంత నెమ్మదిగా ఊపిరి తీసుకుంటున్నారో మీరే చూడండి.

కౌముది