అక్క గొంతు పార్సిల్

నవంబర్ 4, మంగళవారం

ఈరోజు కౌంటర్లో ముగ్గురితో గొడవ. పార్సిల్లో బ్యాటరీ ఉందా అని అడిగితే ముగ్గురూ లేదన్నారు. ఊపి చూస్తే మూడూ గలగలమన్నాయి. పవర్ బ్యాంక్ కూడా బ్యాటరీ కిందికే వస్తుందా అని ఒకాయన నన్నే ఎదురడిగాడు. కాదు నాయనా, బంగాళాదుంప కిందికి వస్తుంది అన్నాను. పోస్టాఫీసులో నాకు బ్యాటరీ మేడం అని ఊరికే పేరు రాలేదు.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. అక్క మిషన్లో చార్జింగ్ నిలవడం లేదట. రోజంతా పెడితే పది నిమిషాలు పలుకుతుందట, ఆ తర్వాత మూగనోమే. గొంతు ఆపరేషన్ అయ్యాక అక్కకి ఆ మిషనే గొంతు. మెడకి ఆనించి, బటన్ నొక్కి, పెదాలు కదిపితే మాట వస్తుంది, తుమ్మెద మాట్లాడినట్టు. కొత్త బ్యాటరీ వాళ్ళ దీవిలో దొరకదు, ఇక్కడ దొరుకుతుంది. పోస్టులో పడెయ్యమన్నాడు.

నాకు చెబుతున్నాడు! నాకు!

నవంబర్ 5, బుధవారం

స్పేర్ పార్టుల షాపులో ఒక్కటే ఉంది. కొన్నాను. అగ్గిపెట్టెంత ఉంది. దీనికోసమా ఇంత.

విడి లిథియం బ్యాటరీ మేం తీసుకోం. మిషన్లో బిగించి ఉంటే తీసుకుంటాం. ఈ ముక్క రోజూ నోరు నొప్పెట్టేలా చెప్పేది నేనే. పోనీ నేనే తీసుకెళ్ళి చేతిలో పెడదామంటే సముద్రం బాగాలేదని ప్రయాణికుల పడవలు ఆపేశారు. కొరియర్ వాళ్ళు అటు వెళ్ళరు. మెయిల్ విమానం ఒక్కటే తిరుగుతోంది. చిన్నది. ముందు పైలట్ ఒక్కడు, వెనకంతా సంచులు.

అక్కకి ఫోన్ చేశాను. చార్జింగ్ లేనప్పుడు అక్క ఫోన్ మీద తడుతుంది. ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. మిషన్ ఇక్కడికి పంపవే, కొత్త బ్యాటరీ నేనే బిగించి, రూల్ ప్రకారం తిరిగి పంపుతాను అన్నాను. రెండుసార్లు తట్టింది. బతిమాలాను. మళ్ళీ రెండు, ఈసారి గట్టిగా. పెట్టేసింది.

నవంబర్ 6, గురువారం

బావ చెప్పాడు. మిషన్ని దిండు పక్కనే పెట్టుకుని పడుకుంటోందట. ఆ పది నిమిషాల కోసం రోజంతా మాటలు కూడబెట్టుకుంటోందట. మిషన్ దారిలో పోతే ఇక జన్మలో గొంతు లేదని భయమట. దాన్ని చేసిన కంపెనీ మూతపడిందిగా, కొత్తది ఎక్కడ దొరుకుతుంది.

తర్వాత గొంతు తగ్గించి, ఒక స్వెటర్లో చుట్టి పంపెయ్యి అమ్మాయ్, నిన్నెవరు అడుగుతారు అన్నాడు. మండిపోయి నాలుగు దులిపేశాను. ఆ మాట నాకు పొద్దుటే తట్టింది. అందుకే అంత మండింది.

నవంబర్ 7, శుక్రవారం

చేశాను.

మా కౌంటర్లో కాదు, స్టేషన్ దగ్గరి బ్రాంచిలో. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక అలవాటుంది. సాటి ఉద్యోగి పార్సిల్ తెస్తే ఊపరు, లోపలేముందని అడగరు. అడిగితే ముఖం మీద ఉమ్మినట్టు. అక్కడి క్లర్క్ నవ్వుతూ స్టాంపు కొట్టేశాడు. బట్టలు అని నేనే రాశాను.

నవంబర్ 8, శనివారం

కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు అన్నారు మా ఆయన. ఏం లేదన్నాను.

మధ్యాహ్నం మెయిల్ విమానం పైలట్ సంతకానికి వచ్చాడు. జేబు నిండా పిప్పరమెంటు బిళ్ళలే, అందుకే మేమంతా బిళ్ళలాయన అంటాం. వచ్చినప్పుడల్లా ఒకటి నా కౌంటర్ మీద పెట్టి పోతాడు. ఇవాళా పెట్టాడు. గాలి తగ్గితే సోమవారం పొద్దున్నే లేస్తానన్నాడు.

గాల్లో ఉండగా వెనక సంచి అంటుకుంటే ఎవరు ఆర్పుతారండీ అని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది నేను. ఆ బిళ్ళ నోట్లో పెట్టుకోలేకపోయాను. ఇంకా పర్సులోనే ఉంది.

నవంబర్ 9, ఆదివారం, ఉదయం 5:40

వెళ్తున్నాను. ఉద్యోగం పోతే పోయింది.

అదే రోజు, మధ్యాహ్నం

సార్టింగ్ షెడ్‌లో సూపర్వైజర్ ఒక్కరే ఉన్నారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన దీవి సంచి సీల్ తీశారు. నా పార్సిల్ నేనే విప్పాను.

స్వెటర్ జిప్పు ఇనుపది. బ్యాటరీ ప్లస్ మైనస్ మొనలకి అడ్డంగా పడి ఉంది. దాని చుట్టూ ఉన్ని కమిలి, చిల్లు పడింది. బ్యాటరీ ఒక పక్క ఉబ్బింది. ముందు మొనలకి టేపు వెయ్యండి అని ఊరందరికీ చెప్పే దాన్ని, దొంగపని కంగారులో నేనే మర్చిపోయాను. దీపం కిందే చీకటి అంటే ఇదే కాబోలు. సూపర్వైజర్ దాన్ని పటకారుతో పట్టుకుని బయటికి తీసుకెళ్ళి ఇసుక బకెట్లో పెట్టారు. తిరిగొచ్చి, నువ్వు కూడానా అమ్మా అన్నారు, అంతే. తిట్టినా బావుండేది.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గుతో సగం, భయంతో సగం. బిళ్ళలాయన గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను.

నవంబర్ 10, సోమవారం

మెమో చేతికొచ్చింది. కౌంటర్ నుంచి తీసి సార్టింగ్‌లో వేశారు. బతికిపోయాను.

సాయంత్రం అక్కకి అంతా చెప్పాను, కాలిన స్వెటర్ సంగతి కూడా. మిషన్ పంపుతావా అని అడిగాను. చాలాసేపు ఏమీ లేదు. పెట్టేసిందేమో అనుకున్నాను.

ఒకసారి తట్టింది.

ఆ వెంటనే మిషన్ ఆన్ చేసింది. ఇవాళ్టి పది నిమిషాలూ నాకే ఖర్చుపెట్టింది మహాతల్లి. చిన్నప్పుడు పంచదార దొంగిలించి మూతి తుడుచుకోకుండా వచ్చేదానివి, నీకెందుకే దొంగపనులు అంది. బావకి కూర మాడ్చకుండా వండటం రాదంది. మిషన్ జాగ్రత్త అంది. ఇంకా ఏదో అంటుండగా మాట సన్నబడి ఆగిపోయింది. ఏమందో తెలీలేదు. రేపు అడుగుదామంటే రేపు మిషన్ ఉండదు.

నవంబర్ 14, శుక్రవారం

మిషన్ వచ్చింది. పాత బ్యాటరీ తీసి ఇంట్లోనే ఉంచమన్నాను, బావ ఈసారి బుద్ధిగా విన్నాడు. అక్క తన ఊలు సాక్సులో పెట్టి పంపింది. చేతిలో ఎంత తేలిగ్గా ఉందో.

షాపాయన ఇంకో బ్యాటరీ తెప్పిస్తున్నానంటాడు. రోజూ రేపే అంటాడు. నేను రోజూ వెళ్ళి ఆయన ప్రాణం తీస్తున్నాను.

నవంబర్ 18, మంగళవారం

బ్యాటరీ వచ్చింది. బిగించాను. పని చేస్తోందో లేదో చూడాలిగా, తలుపు వేసుకుని నా మెడకి ఆనించుకుని అక్కా అని పెదాలు కదిపాను. గదిలో అక్క గొంతు మోగింది. వెంటనే ఆపేశాను.

దారిలో నొక్కుకోకుండా బటన్ మీద గట్టి అట్టముక్క పెట్టి టేపు వేశాను. అటూ ఇటూ కదలకుండా చుట్టూ స్పాంజి కుక్కాను. గట్టి పెట్టె, పైన లిథియం బ్యాటరీ స్టిక్కర్. పెట్టెకి మళ్ళీ టేపు. మనసాగక ఇంకో వరస టేపు.

నా పాత కౌంటర్ ముందే క్యూలో నిలబడ్డాను. నా చోట కూర్చున్నామె బ్యాటరీ ఉందా అని మొహమాటంగా అడిగింది. ఉంది, మిషన్లో బిగించి ఉంది అన్నాను. ఊపు తల్లీ, గట్టిగా ఊపు అన్నాను. ఊపింది. చప్పుడు లేదు.

నవంబర్ 19, బుధవారం

గాలి. విమానం లేవలేదు.

నవంబర్ 20, గురువారం

మళ్ళీ గాలే. ఆ సంచిని షెడ్‌లో మూడుసార్లు వెళ్ళి చూశాను. సూపర్వైజర్ చూసి, పొదుగుతున్నావా అన్నారు.

నవంబర్ 21, శుక్రవారం

లేచింది. సంచి నేనే మోసుకెళ్ళి ఎక్కించాను. బిళ్ళలాయనకి అంతా చెప్పి క్షమించమన్నాను. ఆయన ముఖం గంటు పెట్టుకుని సంచుల వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎక్కేశాడు. బిళ్ళ ఇవ్వలేదు. న్యాయమే.

విమానం చుక్కయ్యేదాకా నిలబడ్డాను. పర్సులో పాత బిళ్ళ కాగితానికి అతుక్కుపోయింది. అలాగే చప్పరించాను.

నవంబర్ 23, ఆదివారం

విమానం క్షేమంగా దిగిందట. పార్సిల్ ఇంకా ఇంటికి రాలేదట. బావకి ఏడుసార్లు చేశాను. ఎనిమిదోసారి ఎత్తలేదు.

నవంబర్ 24, సోమవారం

ఫోన్. తుమ్మెద. అంత టేపు ఎవరు చుట్టమన్నారే, గోళ్ళు విరిగిపోయాయి అంది. కాసేపాగి, ఏమే, ఉన్నావా అంది.

ఫోన్ మీద ఒకసారి తట్టాను.