బూటులో కుక్కిన పీచు

న్యూ సెటిల్‌మెంట్,
ఖరగ్‌పూర్.

అప్పకు, నీ చెల్లెలు కాంతం దండాలు పెట్టి రాస్తున్నది. మేమిక్కడ బాగానే ఉన్నాం. నువ్వూ, బావా, పిల్లాడు సింహాద్రీ, మీ అత్తగారూ ఎలా ఉన్నారో రాయి. ఆవిడ దగ్గు తగ్గిందా?

బాగానే ఉన్నామని రాశాను గాని అప్పా, కొన్నాళ్ళుగా నాకు ముద్ద దిగడం లేదు. మా పిల్ల రత్నం కుడికాలు ఈడ్చి నడవడం మొదలుపెట్టింది. ఏమే అంటే ఏమీ లేదనేది. ఇక్కడ వానలు వదలడం లేదు, క్వార్టర్ గోడలన్నీ చెమ్మ. పోయిన వానాకాలంలో మా వెనక లైనులో ఒక పాపకు జ్వరమొచ్చి కాలు పడిపోయింది. ఇప్పటికీ వాళ్ళమ్మ చంకనేసుకునే తిరుగుతుంది. రత్నానికి జ్వరం లేదు, అయినా పొద్దస్తమానం ఒళ్ళు తాకి చూసేదాన్ని. వాకిట్లో నడవమని వెనక నిలబడేదాన్ని. చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. పక్కింటి బెంగాలీ దీదీ ధైర్యం చెబుతూనే దాని కాళ్ళకేసి చూసేది. ఇక్కడ ఎవరితో చెప్పుకోను?

చివరికి రైల్వే ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు ముందు బూటు విప్పమన్నారు. వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. బొటనవేలి గోరు కండలోకి దిగి చీము పట్టింది. బూటులో చెయ్యి పెడితే ముందువైపు నుంచి గట్టిగా ఉండకట్టిన పీచు వచ్చింది. నీ మరిది వర్క్‌షాపులో చేతుల నూనె తుడుచుకునే నూలు పీచు అది. ఎదిగే పిల్ల కదా అని బడికి పెద్ద సైజు బూట్లు కొని, వదులు కాకుండా ఆయనే అది కుక్కారు. మా లైనులో అందరూ చేసే పనే. పాదం పెరిగింది, పీచు తియ్యడం అందరం మరిచిపోయాం.

ఎందుకు చెప్పలేదే అని అడిగాను.

“నాన్న పెట్టినాడు గదా. బూటుకి అదుండాలేమో అనుకున్నాను,” అంది.

నాకు ఏడుపు ఆగలేదు.

పైడితల్లి దయ, కాలు పడిపోలేదు. కాని పిల్లల ఎముక లేతది, వంగినది వంగినట్టే గట్టిపడుతుందట. గోరు గుండ్రంగా కాక తిన్నగా కత్తిరించమన్నారు. రోజూ గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాలు పెట్టించి, వేళ్ళు ఒక్కొక్కటీ మెల్లగా చాపుతున్నాను. చిటికెన వేలు ఇంకా లొంగలేదు. అది జన్మంతా అలాగే ఉండిపోతుందేమోనని దిగులు.

ఇంతవరకు రాసేసరికి పోయిన దసరాకి మీ సింహాద్రికి పంపిన బూట్లు గుర్తొచ్చాయి. ఉత్తరం అక్కడే ఆపేశాను. నీ మరిది డ్యూటీ నుంచి రాగానే, వాటిలో కూడా పెట్టారా అని అడిగాను.

“ఏటలగడుగుతావు? పెద్దవి గదా, పెట్టకుండా ఎలగ పంపుతాను?” అన్నారు.

అని, సైకిలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

అప్పా, వాడు ఆ బూట్లు విప్పనే విప్పడని మురిసిపోతూ రాశావు. బావకు నమస్కారాలు, అత్తగారి కాళ్ళకు దండాలు. మా రత్నాన్ని అందరూ దీవించండి. ఈ ఉత్తరం మడిచి పెట్టకముందే సింహాద్రి బూట్లు తెచ్చి లోపల వేళ్ళు పెట్టి చూడు. ఈమధ్య వాడు ఆటలకు పోకుండా గుమ్మంలోనే కూర్చుంటున్నాడనీ, బుద్ధిమంతుడయ్యాడనీ కూడా రాశావు.

నీ చెల్లెలు,
కాంతం