మోగని ఫోన్

నాన్నా,

తమ్ముడు జట్టులో నిలిచాడు. ముందు ఆ మాట చెప్పేస్తే నువ్వు కుదురుగా వింటావు.

ఏప్రిల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకున్న మూడు రోజులూ నువ్వు సింగపూర్‌లో, మన యీషున్ ఫ్లాట్‌లో వాడి ఫోన్ కోసం కాచుకుని కూర్చున్నావు. ఎదుటివాళ్లను ఆపే లైన్‌మన్ వాడు, వాణ్ణి ఏ జట్టూ పిలవలేదు. తర్వాత ఒక జట్టు శిక్షణ శిబిరానికి రమ్మంది. ఆ కబురు వచ్చేసరికి నువ్వు ఈ లోకంలో లేవు.

శిబిరం ముగిసే రోజున, ఇంటికి పంపేసేవాళ్లకే కోచ్ నుంచి ఫోన్ వస్తుందట. నిన్నే ఆ రోజు. నీ అలవాటు నాకు అంటుకుంది కదా, తిన్నాడో లేదో అడుగుదామని వాడికి ఫోన్ చేశాను.

"అక్కా! కోచ్ అనుకుని ప్రాణం పోయింది లా! ఇవాళ చెయ్యకు!" అమెరికాలో ఉన్నా వాడి నోట మన సింగపూర్ 'లా' పోలేదు.

"తిన్నావా?"

"ఎలా తింటాను? పెట్టెయ్!"

ఇవాళ పొద్దున నేను ఆఫీసు ట్రైన్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది. "ఎవరూ చెయ్యలేదు. ఉన్నా. తిన్నా."

ఆఫీసున్న సైన్స్ పార్క్ స్టేషన్ చేరేలోపు వాడే ఫోన్ చేశాడు.

"అక్కా, నువ్వు తిన్నావా?"

నువ్వు వెళ్లాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. నిన్నటి నుంచి తినలేదని చెప్పేశాను.

ఇవాళ్టికి ఆఫీసు మానేసి, తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో రెండు పరాటాలు ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.