నలభై మీటర్ల లైను

జనవరి 6, సోమవారం

మా ఫ్యాక్టరీలో కండెన్సేట్ లైను, అదే ఆవిరి చల్లారి వచ్చే వేడినీళ్ల పైపు, మళ్లీ ఊగింది. అంటే బ్లెస్సీ మళ్లీ వస్తుంది. గుణదల అమ్మాయి, వైబ్రేషన్ కొలిచే ఏజెన్సీలో ఇంజినీరు. పొద్దున్నే షర్టు ఇస్త్రీ చేయించుకున్నాను. ముప్ఫై రెండేళ్లొచ్చాయి, సిగ్గు లేదు.

మూడు నెలల్లో ఇది ఐదోసారి. మీటరు పెట్టి, రీడింగులు రాసుకుని, క్యాంటీన్‌లో నాతో టీ తాగింది. పంచదార తక్కువైందని చెప్పింది. దాన్ని కూడా ఇక్కడ రాసుకుంటున్నాను.

జనవరి 20

లైను ఎందుకు ఊగుతోందో నాకు నెల కిందటే తెలిసింది. వాల్వు దాటగానే ప్రెషర్ పడిపోయి, వేడినీళ్లలో కొంత అక్కడికక్కడే ఆవిరైపోతోంది. ఆ నీళ్లూ ఆవిరీ కలిసి ట్యాంకు దాకా నలభై మీటర్లు పైపుని బాదుకుంటూ పోతున్నాయి. వాల్వుని తీసుకెళ్లి ట్యాంకు మూతి దగ్గర పెడితే చాలు. మరిగేదేదో ట్యాంకులోనే మరుగుతుంది.

ఎవరికీ చెప్పలేదు. ఫోర్‌మన్ తిరుపతిరావు గారు పైపుని పట్టుకునే క్లాంపులు ఇంకాస్త బిగిద్దామన్నారు. తలగడ మారిస్తే తలనొప్పి పోతుందా? పోదని తెలిసే సరే అన్నాను.

జనవరి 29

వచ్చింది. రీడింగ్ పెరిగింది. నాకు సంతోషం.

ఫిబ్రవరి 7, మధ్యాహ్నం 3.40

ఊపుకి లైను కింద డ్రెయిన్ గొట్టం వెల్డు దగ్గర విరిగింది. బ్లెస్సీ అప్పుడే అక్కడ వంగి మీటరు పెడుతోంది. మరిగే నీళ్లు ఆమెకి అడుగు దూరంలో పడ్డాయి. ఏం కాలేదని తనే నాకు ధైర్యం చెప్పింది.

వాల్వు ఎక్కడికి జరపాలో గీసి మేనేజర్ గారికి డ్రాయింగ్ ఇచ్చేశాను. ఇంత సులువైతే ముందే ఎందుకు చెప్పలేదని అడిగారు. ఇప్పుడే తట్టిందన్నాను. ఆ అమ్మాయిని చూడాలన్న ఆశతో ఆ అమ్మాయికే ప్రాణం మీదికి తెచ్చాను.

ఫిబ్రవరి 24

ఫ్యాక్టరీ షట్‌డౌన్‌లో వాల్వుని ట్యాంకు దగ్గరికి మార్చారు. పైపు మీద రూపాయి బిళ్ల నిలబెడితే నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. బ్లెస్సీ చివరి రీడింగ్ తీసుకుంది. షీటు మీద సంతకం పెడుతూ, తలెత్తకుండా అడిగింది.

"పైపు ఊగకపోతే ఇంక నన్ను పిలవరా అండీ?"

"వర్క్ ఆర్డర్ ఉండాలి కదండీ" అన్నాను.

అవును, అదే అన్నాను. గాడిదని. ఆమె షీటు నా చేతికిచ్చి, హెల్మెట్ పెట్టుకుని, స్కూటీ తీసింది. గేటు దాకా అయినా వెళ్లలేకపోయాను.

ఫిబ్రవరి 27

నంబరుంది. ఫోన్లో 'బ్లెస్సీ వైబ్రేషన్' అని ఉంది. నొక్కలేదు.

మార్చి 10

డ్యూటీ అయ్యాక లైను పక్కన అరగంట నిలబడ్డాను. ఒక్కసారైనా కదులుతుందేమోనని.

కదల్లేదు.