మైథిలి ముట్టుకోలేదు

ఆడమ్స్‌టౌన్,
12 మార్చి 2017.

బాబాయికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మళ్ళీ అబద్ధమే చెప్పేస్తానేమోనని ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల కాజిల్‌బార్‌లో మీ ఇంటికొచ్చినప్పుడు, చెల్లి మైథిలి కాలేజీ ప్రాజెక్టుకి తన కంప్యూటర్లో ఉన్న క్వాడ్ కోర్ ప్రాసెసర్ సరిపోతుందా, మార్చాలా అని అడిగారు. నిజానికి సరిపోతుంది. ఫ్యాన్‌లో దుమ్ము దులిపితే చాలు. కానీ భోజనానికొచ్చిన మీ తోటి డాక్టర్లకి "మావాడు పెద్ద సాఫ్ట్‌వేర్ ఇంజినీరు" అని మీరు చెప్పాక, దుమ్ము దులపమనడం నాకు చిన్నతనంగా అనిపించింది. మార్చేద్దాం అన్నాను.

నేనెప్పుడూ కంప్యూటర్ విప్పి ఎరగను. కొత్త ప్రాసెసర్ కొనుక్కొచ్చి బిగిస్తుంటే బోర్డు మీది సన్నటి పిన్నులు నా వేలి కిందే వంగిపోయాయి. చూసి కూడా మూత పెట్టేశాను. కంప్యూటర్ ఆన్ కాకపోయేసరికి, "నేను రాకముందే మైథిలి ఏదో కెలికినట్టుంది" అన్నాను.

"ఐ నెవర్ టచ్డ్ ఇట్, డాడీ" అని తను ఏడుస్తుంటే మీరు తిట్టారు. నేను టీ తాగుతూ కూర్చున్నాను.

ప్రాజెక్టు స్నేహితురాలి ఇంట్లో పూర్తి చేసిందట. నిన్న ఫోన్ చేసి, "ఇట్స్ గ్రాండ్ అన్నయ్యా, యూ ట్రైడ్" అంది, ఏం ఫర్వాలేదన్నట్టు. ఒక్క మాటతో కూడా నన్ను నిలదీయలేదు.

మీరు తనతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదని పిన్ని చెప్పింది. శనివారం వచ్చి తన ముందే అంతా ఒప్పుకుంటాను, మీరేమన్నా పడతాను. కానీ అప్పటిదాకా ఆగకండి బాబాయ్. ఇది చదవగానే లేచి తన గదిలోకి వెళ్ళండి.

సిగ్గుపడుతూ,
మీ అన్నగారి అబ్బాయి